వానలో చెయ్యి ఊపిన కోటు

బుస్సుమని ఒక చప్పుడు. ఆ వెనకే బరువైన మూత పడినట్టు ధబ్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ బుస్సు.

ఆ లాండ్రీలోకి ఎప్పుడు అడుగుపెట్టినా ముందు వినిపించేది ఇదే. ఇనప కడ్డీకి వేలాడే చొక్కాలు, గౌన్లు, కోట్లు తెరలాగా అడ్డం ఉంటాయి. వాటి వెనక నుంచి తెల్లటి ఆవిరి లేచి, పైకప్పు దాకా వెళ్ళి, అక్కడేం చెయ్యాలో తోచక చెదిరిపోతుంది. "వస్తున్నానండీ" అని గొంతు వినబడుతుంది. తరవాత రెండు చొక్కాలు పక్కకి జరుగుతాయి, వాటి మధ్య నుంచి ఆమె వస్తుంది. ముఖం ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. ముంజేతుల మీద వేడి తగిలిన పాత మచ్చలు. బట్టలు ఇచ్చేటప్పుడు రెండు అరచేతుల మీదా పెట్టి ఇస్తుంది.

అందరికీ ఆమె చిన్నమ్మ. అక్క కూతుళ్ళు పిలిచిన పిలుపు కొట్టుకి వచ్చేవాళ్ళకి కూడా అలవాటైంది. ఆమెకంటే పెద్దవాళ్ళూ చిన్నమ్మా అనే అంటారు. అమ్మానాన్నా పోయాక అక్క వెంట వచ్చి, బావ నడిపే ఈ కొట్టులో ఆవిరి యంత్రం ముందు నిలబడింది. మధ్యలో పెళ్ళి మాటలు వచ్చాయి, పోయాయి. జుట్టు నెరిసింది. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

కాపురం కొట్టు మీదే. ఒక హాలు, ఒక గది. ఆ ఇంట్లో లోపలి నుంచి గడియ పెట్టుకునే చోటు స్నానాల గది ఒక్కటే. అందులో కాస్త ఆలస్యమైతే అక్క తలుపు కొడుతుంది, "ఏమే, ఉన్నావా, కాలవలో కొట్టుకుపోయావా?" అని. చిన్నమ్మ మెట్లు దిగుతుంటే "ఎక్కడికే?" అంటుంది. ఎక్కుతుంటే "ఎక్కడి నుంచే?" అంటుంది. ఊరికే కూచుంటే "ఏమాలోచిస్తున్నావే?" అంటుంది. అదంతా ప్రేమే. ప్రేమ కాబట్టే విసుక్కోవడానికి వీల్లేదు.

బావ గల్లా దగ్గర కూచుని వచ్చినవాళ్ళందరితోనూ వేళాకోళాలాడతాడు. "మా మరదల్ని ఇన్నేళ్ళు ఆవిరి పట్టాను కాబట్టే చూడండి, ముఖం మీద ఒక్క ముడత లేదు" అంటాడు. తెర వెనక నుంచి జవాబొస్తుంది. "మీ నాలుక కూడా ఓసారి ఈ యంత్రం కింద పెట్టండి బావా. రోజూ మడత పడుతోంది."

ఆ కొట్టుకి ఇంకో పని కూడా ఉంది. వానలు మొదలయ్యే ముందు జనం పాత వాన కోట్లు తెచ్చి పడేస్తారు. ప్లాస్టిక్కువి కావు, మైనం పట్టించిన మందపాటి గుడ్డవి. ఏళ్ళు గడిచేకొద్దీ మైనం అరిగిపోయి భుజాల దగ్గర నీళ్ళు దిగుతాయి. వెనక గదిలో మైనం కరిగించి, కుంచెతో పూసి, పైన పల్చటి గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే అది పోగుల్లోకి ఇంకుతుంది. ఆ తరవాత పరీక్ష. మగ్గుతో నీళ్ళు పోసి చూస్తే చాలదంటాడు బావ. వాన దారి వానది. అడ్డంగా కొడుతుంది, మెడ పట్టీలోంచి దూరుతుంది, చంకల కింద చేరుతుంది. కోటు తొడుక్కుని మనిషి నడిస్తేనే ఎక్కడ కారుతుందో తెలిసేది. అందుకని ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. వాన మొదలవగానే కొట్టులోవాళ్ళు ఒకరు ఆ కోటు తొడుక్కుని వీధి చివరి దాకా వెళ్ళి వచ్చి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తారు. మొదట్లో బావే వెళ్ళేవాడు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచీ ఆ పని చిన్నమ్మకి వచ్చింది.

వీధి చివరి దాకా. అంతవరకే హద్దు.

వీధి చివర సిమెంటు రోడ్డు అయిపోయి మట్టి దారి మొదలవుతుంది. అటూ ఇటూ పొలాలు. మొదటిసారి అక్కడ నిలబడ్డప్పుడు వెనక్కి తిరుగుదామనే అనుకుంది. తిరగాల్సిన కాళ్ళు తిరగలేదు. కోటు ఎవరిదో పొడవాటి మగమనిషిది. మోకాళ్ళు దాటి వేలాడుతోంది. టోపీ ముందుకి జారి ముఖాన్ని మింగేసింది. వాన టోపీ మీద పడుతుంటే లోపల తన ఊపిరి తనకే వినిపించింది. ఇన్నేళ్ళలో తన ఊపిరి అంత స్పష్టంగా వినలేదు. ఆవిరి చప్పుడులో వినిపించేది కాదు.

సైకిలు మీద ఎదురొచ్చిన ఒకాయన బ్రేకు వేసి, "ముందు కాలవ పొంగిందన్నా, చూసుకుని పో" అన్నాడు.

అన్నా అన్నాడు. అతను దాటిపోయాక చిన్నమ్మకి నవ్వొచ్చింది. వానలో ఒంటరిగా పొలాల మధ్య నడుస్తున్న ఆడమనిషిని చూస్తే లోకానికి వంద సందేహాలు. కోటుని చూస్తే ఒక్కటీ లేదు. కోటు ఎక్కడికైనా పోవచ్చు.

ఆ రోజు నుంచీ ఆమె వానకోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

బట్టల కోసం వెళ్ళే నాకు ఆ నడకల గురించి చెప్పేటప్పుడు ఆమె మాటలు నెమ్మదించేవి, చేతిలో బట్ట మడత పెట్టకుండా అలాగే పట్టుకునేది. వాన దూరం నుంచి వచ్చేటప్పుడు ముందు రంగు వస్తుందట, ఆ తరవాత చప్పుడు, ఆఖరున నీళ్ళు. పొలం చివర చెట్లు ఒక్కొక్కటే మాయమవుతాయి, ఎవరో బల్ల మీది సామాను ఒక్కోటీ ఎత్తేస్తున్నట్టు. గట్టు మీద గడ్డి ఒంగి ఒంగి చివరికి ఒంగడమే మర్చిపోయినట్టు పడుకుంటుంది. బురద చెప్పుల్ని పట్టుకుని వదలదు. ఒక్కో అడుగుకీ ముద్దు పెట్టినట్టు చప్పుడు చేసి వదుల్తుంది. ఈ పోలిక చెప్పి ఆమె సిగ్గుపడింది. ఇలాంటివి పైకి అనకూడదేమో కదండీ అంది. కరెంటు తీగల మీద నీటి బొట్లు వరసగా జారుకుంటూ వెళ్ళి, స్తంభం దగ్గర ఒకదాన్నొకటి తోసుకుని కింద పడేవట. ఆ బొట్లను చూస్తూ ఎంతసేపైనా నిలబడేదట. ఏమాలోచిస్తున్నావే అని అడిగేవాళ్ళు లేరు. నిజంగానే ఏమీ ఆలోచించేది కాదు. అంత సుఖం ఇంకెక్కడా దొరకలేదంది.

ఒక్కో కోటుకి ఒక్క పరీక్ష చాలు. ఆమె ప్రతి కోటుకీ చిన్నవానకి ఒకసారి, పెద్దవానకి ఒకసారి అని పెట్టుకుంది. తరవాత మైనం పని అక్కర్లేని కోట్లు కూడా తొడుక్కోసాగింది. తిరిగొచ్చాక ఒళ్ళంతా బురద చూసి అక్క నోరు చేసుకునేది. బావ మాత్రం, "పోనీలేవే, నాలుగు వానలు తడిస్తే మొలకెత్తుతుందేమో చూద్దాం" అనేవాడు. పరాయివాళ్ళ కోట్లు తన షికారుకి తొడుక్కుంటున్నానన్న సంగతి చిన్నమ్మకి తెలుసు. ముల్లులాగా లోపల గుచ్చుకునేది. వాన పడగానే ఆ ముల్లు ఎక్కడుందో కనిపించేది కాదు.

ఈ వానల్లో లైన్‌మన్ కోటు వచ్చింది.

ఆ లైన్‌మన్‌ని ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. గాలివానకి తీగ తెగి దీపాలు ఆరిపోతే, ముదురాకుపచ్చ కోటు వేసుకుని భుజాన తాడు చుట్టుకుని స్తంభాల వెంట నడిచిపోయేవాడు. స్తంభం మీది నుంచి పడలేదు, షాకు కొట్టలేదు. జ్వరం వచ్చి ఆసుపత్రి మంచం మీద పోయాడు. అతని భార్య బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ కొట్టు ముందు ఆగి, సంచిలోంచి కోటు తీసి గల్లా మీద పెట్టింది. కొత్తగా వచ్చిన లైన్‌మన్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నానని, బాగా మైనం పట్టించమని చెప్పింది. ఇంట్లో మేకుకి వేలాడుతుంటే అత్తయ్య అన్నం కూడా తినకుండా దాన్నే చూస్తూ కూచుంటోందట. ఆవిడ నిద్రపోతుంటే తెచ్చానంది. కోటు కుడి భుజం మీద ఎప్పుడో తీగ తగిలి చిరిగిన చోట నీలం గుడ్డతో అతుకు వేసి ఉంది. కుట్లు చాలా దగ్గర దగ్గరగా, పట్టుదలగా ఉన్నాయి.

చిన్నమ్మకి ఎవరి కాలరు ఎలా అరుగుతుందో తెలుసు. ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలియదు. లైన్‌మన్ ఇల్లు ఎటువైపో ఆమెకి తెలిసే అవకాశమే లేదు.

మైనం పట్టించిన కోటు ఆరిన రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. ఈసారి పరీక్ష నిజంగా కావాలి కాబట్టి మనసులో ముల్లు కూడా లేదు. తొడుక్కుని బయల్దేరింది. రోజూ వెళ్ళే దారిలో కాలవ పొంగి తూము మునిగిపోయింది. అందుకని పక్కకి తిరిగి, ఎన్నడూ వెళ్ళని దారిలో, స్తంభాల వెంట నడిచింది. పొడుగాటి కోటు చేతుల్లో ఆమె వేళ్ళు మునిగిపోయాయి. వాన సన్నగా, ఎడతెగకుండా పడుతోంది. దారికి ఎత్తుగా ఒక ఇల్లు, రెండు మెట్లు, ఒక కిటికీ. కిటికీలో ఎవరో ఉన్నారు.

కిటికీలో మనిషి లేచింది. తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ గడప మీదికి వచ్చి, చెయ్యెత్తి ఊపింది.

తననే చూసి ఊపుతోంది. దారిలో ఇంకెవరూ లేరు. చిన్నమ్మ చెయ్యి దానంతటదే లేచింది. ఎవరైనా నమస్కారం పెడితే మనకి చేతులు కలుస్తాయి చూడండి, అలాగ. కోటు చెయ్యి వేళ్ళ మీద వేలాడుతూ గాలిలో ఊగింది.

అప్పుడు ముసలావిడ ముఖం మారింది. ఇన్నేళ్ళ బతుకులో ఒక మనిషి తనను చూసి అంత సంతోషపడటం చిన్నమ్మ ఎరగదు. అక్క ప్రేమిస్తుంది, బావ నవ్విస్తాడు, పిల్లలు వచ్చి ఒళ్ళో వాలేవాళ్ళు. కానీ ఇది వేరు. అంత వాన అడ్డం ఉన్నా ఆ సంతోషం దారి దాటి వచ్చి తగిలింది. అది తనది కాదని చిన్నమ్మకి ఆ క్షణంలోనే తెలుసు. ఆవిడ ఎవరినో అనుకుంటోందని తెలుసు. టోపీ వెనక్కి తీస్తే సరిపోయేది.

తియ్యలేదు. రెండోసారి చెయ్యెత్తింది. ఈసారి బాగా పైకెత్తి, నిదానంగా ఊపింది.

"నాన్నా!" అంటూ ముసలావిడ మెట్లు దిగింది.

ఆ పిలుపు చెవిన పడగానే తన భుజం మీది నీలం అతుకు, పైనున్న తీగలు, ఈ ఇల్లు అన్నీ ఒక్కసారిగా చిన్నమ్మకి అర్థమయ్యాయి. గిరుక్కున తిరిగి నడిచింది. తరవాత పరిగెత్తింది. వెనక నుంచి పిలుపు ఇంకోసారి వినిపించింది. ఆ తరవాత వినిపించలేదు. వెనక్కి చూడలేదు.

కొట్టులోకి రాగానే అక్క తువ్వాలు విసిరి, నీళ్ళేమైనా దిగాయా అని అడిగింది. లేదంది. కోటును కడ్డీకి తగిలించి, దాని ముఖం గోడవైపు తిప్పింది. కోటుకి ముఖమేమిటని నవ్వకండి అంది నాతో.

కొన్నాళ్ళకి కండక్టరు కోటు కోసం వచ్చింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఏమ్మా అలా ఉన్నావని బావ అడిగేసరికి ఆమె గల్లా బల్ల మీద మోచేతులానించి నిలబడిపోయింది. తెర వెనక చిన్నమ్మ అవసరం లేకపోయినా పెడలు తొక్కింది. బుస్సుమంది. అయినా ప్రతి మాటా వినిపించింది.

అత్తయ్యకి మతి చలించిందని చెప్పింది కండక్టరు. కొడుకు వచ్చాడంటుందట. వానలో దారి వెంట నడిచి వెళ్ళాడంటుందట. అతుకు తను వేసిందేనట, కళ్ళతో చూశానంటుందట. పరిగెత్తబోయి బురదలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించి తెచ్చాక కూడా, నాలుగు చినుకులు పడితే చాలు, తలుపు తీసుకుని రోడ్డెక్కుతోంది.

"చెయ్యి కూడా ఊపాడంటుంది. రెండుసార్లట. లెక్క చెప్తుంది కూడాను" అంది కండక్టరు. "డ్యూటీకెళ్ళేటప్పుడు బయట తాళం వేసి పోతున్నాను. బస్సులో టికెట్లు కొడుతున్నానన్న మాటేగానీ ప్రాణం అంతా ఆ తాళం మీదే ఉంటోంది. మా ఆడపడుచువాళ్ళేమో మతిలేనివాళ్ళ ఆశ్రమంలో చేర్పించేద్దామంటున్నారు. వచ్చేవారానికి బండి కూడా మాట్లాడేశారు."

ఈ కోటిప్పుడు ఆవిడ కంట పడితే ఇంకేమవుతుందోనని, బండి వచ్చేదాకా పెట్టె అడుగున దాస్తానని చెప్పింది.

చిన్నమ్మ తెర తొలగించుకుని వచ్చింది. కోటు రెండు అరచేతుల మీదా పెట్టి ఇచ్చింది. చెప్పాలని నోరు తెరిచింది. "కుట్లు గట్టిగా ఉన్నాయమ్మా, చుక్క దిగదు" అని మాత్రం అంది. కండక్టరు ఆమె చెయ్యి పట్టుకుని, మీ పని మీద నాకు నమ్మకం ఉంది చిన్నమ్మా అని చెప్పి బస్సుకి పరుగెత్తింది.

కోటు తొడుక్కున్నందుకు ఒక సిగ్గు. చెయ్యి ఊపినందుకు ఇంకో సిగ్గు. అవి రెండూ ఎలాగో మోసేదాన్నే, ఆ నమ్మకం అన్న మాట మొయ్యలేకపోయాను అంది నాతో. ఆ రోజు ఎవరిదో తెల్ల చొక్కా మాడ్చింది. ఈ కొట్టులో అది మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం కంచాల ముందు కూచున్నప్పుడు అక్కకీ బావకీ చెప్పేసింది. మొదటి నడక నుంచి చెప్పింది. అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ముందు కోపం రాలేదామెకి. మా దగ్గర నీకేం తక్కువైందే, చెప్పకుండా పొలాలమ్మట తిరిగేంత ఏం కష్టం పెట్టాం అని ఏడ్చింది. ఆ తరవాతే కోపం వచ్చింది. పోయినవాడి కోటు, ముసలిదాని మాట, ఎవరు చూశారు, నోరు మూసుకుని కూచో అంది.

బావ వేళాకోళం మర్చిపోయాడు. "జనం మనకి బట్టలిచ్చేది ఉతుకుతామని. తొడుక్కుంటామని కాదు" అన్నాడు. "ఇది బయటపడితే ఈ గడప తొక్కేవాడు ఉండడు."

"ఆవిణ్ణి పిచ్చిదంటున్నారు బావా. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి. ఆవిడ చూసిందంతా నిజమే."

బావ చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. అద్దం ముందు నిలబడి, చూసుకోకుండా, దువ్వెన తీసి మళ్ళీ పెట్టేశాడు.

"వెళ్తే పగటిపూట వెళ్ళు. దొంగలా వెళ్ళకు" అన్నాడు.

ఆ రోజు వాన లేదు. మబ్బు తునక కూడా లేదు. మొదటిసారి సొంత బట్టల్లో, ముఖం కనిపిస్తూ, చిన్నమ్మ ఆ దారిలో నడిచింది. వానలో అంత మెత్తగా ఉన్న దారి ఎండలో గట్టిపడి, అందరి అడుగుజాడలూ అచ్చులు పోసినట్టు పైకి తేలి ఉంది. కండక్టరుకి ఆ రోజు సెలవు. తాళం గొళ్ళేనికి ఊరికే వేలాడుతోంది. ముసలావిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. చేతికి కట్టు.

చిన్నమ్మ కూచోలేదు. నిలబడే చెప్పింది. మాటలు ఎక్కువ లేవు. ఆ రోజు వానలో వెళ్ళింది నేనేనమ్మా, మీ అబ్బాయి కోటు తొడుక్కున్నాను, మీరు పిలిస్తే పారిపోయాను. అంతే.

ముందు కండక్టరు మాట్లాడింది. "కోటు నా చేతికి ఇచ్చారు కదా ఆ రోజు. అప్పుడెందుకు చెప్పలేదు?" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మా అత్తయ్యని ఇంట్లో పెట్టి తాళం వేశాను నేను. ఆవిడ లోపలి నుంచి తలుపు కొడుతుంటే విననట్టు వెళ్ళిపోయాను."

ముసలావిడ ఇద్దరినీ చూసింది. ఆ కోటు తెమ్మని కోడలితో అంది. పెట్టె అడుగు నుంచి కోటు వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మంచి చేత్తో అతుకు మీద ఒకసారి నిమిరి, చిన్నమ్మకిచ్చింది.

"తొడుక్కో."

చిన్నమ్మ తొడుక్కుంది.

"టోపీ కూడా. ఆఁ. ఇప్పుడు పోయి ఆ స్తంభం దగ్గర నిలబడు."

మెట్లు దిగి, మండుటెండలో, వాన కోటు వేసుకుని దారిలోకి వెళ్ళింది. పక్కింటి పెరట్లో బట్టలారేస్తున్నావిడ చెయ్యి ఆపేసి, లోపల ఎవరినో పిలిచి చూపించింది. ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి పోతున్న ముసలాయన, ఎండకి కూడా కోటేనా తల్లీ అని నవ్వుకుంటూ పోయాడు. వానలో ఇల్లులాగా అనిపించిన కోటు ఎండలో ఆవిరి యంత్రంలాగా ఉంది. మైనం మెత్తబడి వాసనేసింది. చెమట వెన్ను మీద కారింది. స్తంభం దగ్గర ఇటు తిరిగి నిలబడింది. కిటికీలో ముసలావిడ ముఖం కనిపిస్తోంది. ఈసారి ఆ చెయ్యి లేవలేదు.

"ఊపు" అని గట్టిగా వినిపించింది లోపలి నుంచి.

చిన్నమ్మ చెయ్యెత్తింది. సిగ్గంటే అదేనండీ, చెయ్యి అంత బరువుంటుందని తెలీదు అంది నాతో. పక్కింటావిడ చూస్తోంది, ముసలాయన ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఊపింది. ఇంకోసారి అని వినిపించింది. ఇంకోసారి ఊపింది.

ముసలావిడ చాలాసేపు చూసింది. తరవాత కోడలివైపు తిరిగి, "ఇదే. ఆ రోజు నేను చూసింది ఇదే" అంది. తనకి పిచ్చి లేదని చెప్పుకోవడానికి కొడుకుని మళ్ళీ ఒకసారి పోగొట్టుకోవలసి వచ్చింది ఆవిడకి. లోపలికొచ్చి కోటు విప్పుతున్న చిన్నమ్మకి ఆ గొంతులోనే అది తెలిసింది.

"మావాడు ఎడంచేత్తో ఊపేవాడు. కుడి భుజాన తాడుండేది కదా" అంది ముసలావిడ, ఎవరితోనో కానట్టు. తరవాత ఇటు తిరిగి, "నువ్వెందుకు ఊపావు?" అని అడిగింది.

"నాకు తెలీకుండానే లేచిందమ్మా చెయ్యి."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ."

ఆవిడ తల ఊపింది. సరే, ఇంక వెళ్ళమంది. కండక్టరు గొళ్ళేనికి వేలాడుతున్న తాళం తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. బండి అయితే రాలేదు. కోటు కొత్త లైన్‌మన్‌కి వెళ్ళింది. దాన్ని ఇవ్వమని ముసలావిడే చెప్పిందట.

సంగతి ఊరంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. కొందరు బట్టలివ్వడం మానేశారు. కొందరు కొట్టుకొచ్చి, నా కోటు మొన్న ఎక్కడెక్కడ షికారు చేసిందో అని చిన్నమ్మ వినేలా అంటారు. "చేసింది. మీకంటే దానికే బుద్ధుంది, చెప్పిన వేళకి ఇంటికి చేరింది" అంటాడు బావ, కానీ వెనకటి హుషారు ఉండదు. వాన కోట్లకిప్పుడు మగ్గుతోనే పరీక్ష. తెర వెనక నుంచి ఆ వేళాకోళాలకి జవాబు రాదు. ఆవిరి మాత్రం లేస్తుంది.

మొన్న నా బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు గల్లా దగ్గర ఎవరూ లేరు. బయట వాన మొదలైంది, మెల్లగా, మాటలు వెతుక్కుంటున్నట్టు. చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీధి చివర పొలాలు ఒక్కొక్కటే చెరిగిపోవడం అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది. ఆమె అటు చూడలేదు. కిటికీ దగ్గర కూచోవడం ముసలావిడ మానేసిందని, వానొస్తే రెక్కలు వేసెయ్యమంటుందని కండక్టరు చెప్పిందట. అది చెప్పి, నా మూట రెండు అరచేతుల మీదా పెట్టి ఇచ్చింది. నేను గొడుగు తెరిచి మెట్టు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. గొంతు ఎంత చిన్నగా ఉందంటే, వినడానికి మళ్ళీ మెట్టెక్కాల్సి వచ్చింది.

"రెండోసారి నేను తెలిసే ఊపానండీ. ఆ ఒక్క ముక్కా ఆవిడకి చెప్పలేదు. వాన తగ్గగానే వెళ్తాను."